నీ సహోదరుని సంపాదించుకొంటివి

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు.

తోటి విశ్వాసిని ప్రేమతో సరిదిద్దడం గురించి మాట్లాడమని పెద్దలు నన్ను అడిగారు. ఒప్పుకునే ముందు రెండు రోజులు ఆలోచించాను. వేరే అంశం ఇవ్వమని అడుగుదామా అనిపించింది. ఎందుకంటే ఈ విషయంలో నేను ఒకసారి పెద్ద తప్పు చేశాను, దానివల్ల ఒక సహోదరుణ్ని పోగొట్టుకున్నాను. ఆ సంగతి చివర్లో చెబుతాను. చెప్పకుండా వెళ్లిపోతే మీ ముందు నిలబడే అర్హత నాకు ఉండదు.

మత్తయి సువార్త 18వ అధ్యాయం, 15వ వచనం చూడండి. "నీవు పోయి, నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము, అతడు నీ మాట వినినయెడల నీ సహోదరుని సంపాదించుకొంటివి."

మనలో చాలామందికి ఈ వచనంలో "గద్దించుము" ఒక్కటే గుర్తుండిపోతుంది. గద్దించడం అంటే మన మనసులో వెంటనే ఒక బొమ్మ కనిపిస్తుంది: గొంతు పెంచడం, వేలు చూపించడం, ఎదుటివాడు తల దించుకోవడం. కానీ ఇక్కడ మూలంలో ఉన్న గ్రీకు క్రియ "ఎలెంఖో". యోహాను 16వ అధ్యాయం 8వ వచనంలో పరిశుద్ధాత్మ గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే క్రియ వాడారు. అక్కడ మన తెలుగు బైబిల్లో "ఒప్పుకొనజేయును" అని ఉంది. పాపాన్ని గూర్చి లోకాన్ని ఒప్పుకొనజేసేవాడు ఆత్మ. ఆయన మనతో ఎలా వ్యవహరించాడో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీరు రక్షణ పొందిన రోజుల్లో ఆయన నలుగురిలో మీ పరువు తీశాడా? మీ పాపాన్ని మీకే చూపించాడు. మీరే ఏడ్చారు, మీరే ఒప్పుకున్నారు. తోటి విశ్వాసి దగ్గరికి వెళ్లినప్పుడు మనం చేయాల్సింది కూడా అదే. అతను చూడలేకపోతున్నదాన్ని అతని కళ్లముందు పెట్టి, అతనే చూసేదాకా ఓపిక పట్టాలి.

వచనం చివర్లో ఉన్న మాట చూడండి. "సంపాదించుకొంటివి." ఇది వ్యాపారంలో లాభం గురించి చెప్పే మాట. "లోకమంతయు సంపాదించుకొని తన ప్రాణమును పోగొట్టుకొనినయెడల" అన్న చోట కూడా ఇదే క్రియ. తలాంతుల ఉపమానంలో ఆ దాసుడు యజమాని ముందు నిలబడి ఇంకో ఐదు తలాంతులు సంపాదించానని లెక్క చెప్పేటప్పుడు కూడా ఇదే. "వాదన గెలిచితివి" అని యేసు ప్రభువు చెప్పలేదు. నీ మాట నెగ్గిందా లేదా అన్నది ఆ లెక్కలో అసలు లేదు. మనిషి మిగిలాడా, పోయాడా అన్నదే లెక్క.

ఇక ఈ వచనానికి ముందూ వెనకా ఏముందో చూడండి. నాకు చాలా ఏళ్లు ఇది తట్టలేదు. దీనికి ముందున్నది తప్పిపోయిన గొర్రె. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి తొంబది తొమ్మిదింటిని విడిచి దాన్ని వెదకడానికి వెళ్తాడు. దీని తర్వాత పేతురు వచ్చి, "నా సహోదరుడు నాయెడల తప్పిదము చేసినయెడల నేనెన్ని మారులు అతని క్షమింపవలెను?" అని అడుగుతాడు. ఆ వెంటనే పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్న కథ. వెదకడానికీ క్షమించడానికీ మధ్యలో ప్రభువు ఈ గద్దింపును పెట్టాడు. మనం మాత్రం దాన్ని అక్కడినుంచి పెకిలించి తెచ్చి, సంఘ నియమాల కాగితం మీద ఒక క్లాజులాగా రాసుకున్నాం.

అలాగని ప్రతి చిన్న విషయానికీ ఎవరో ఒకరి ఇంటి తలుపు తట్టమని నేను చెప్పడం లేదు. "ప్రేమ అనేక పాపములను కప్పును" అని పేతురు రాశాడు. ఒకరు ప్రార్థన కాస్త ఎక్కువసేపు చేస్తారు. ఒకరు పాట మొదలుపెడితే శృతి తప్పుతుంది. ఇంకొకరు మాట్లాడే తీరు మనకు నచ్చదు. ఇవి పాపాలు కావు, మన చిరాకులు. మనకు చిరాకు పుట్టించేదీ దేవునికి కోపం తెప్పించేదీ ఒకటే అనుకుంటే సంఘంలో ఒక్కరూ మిగలరు. అలసటలో, బాధలో ఒకసారి నోరు జారినవాళ్లను కూడా వదిలేయొచ్చు. కానీ ఆ మనిషి అదే దారిలో నడుస్తూ పోతున్నాడనుకోండి, దానివల్ల అతని ఆత్మకో ఇంట్లోవాళ్లకో సంఘానికో గాయం అవుతోందనుకోండి, అప్పుడు ఊరుకోవడాన్ని ప్రేమ అనలేం.

ఈ ఊరుకోవడం గురించి నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. మనలో కఠినంగా గద్దించేవాళ్లు తక్కువే. అసలు మాట్లాడని వాళ్లే ఎక్కువ.

లేవీయకాండము 19వ అధ్యాయం 17వ వచనం ఏం చెబుతోంది? "నీ హృదయములో నీ సహోదరుని మీద పగపట్టకూడదు." వెంటనే, "నీవు తప్పక అతనిని గద్దింపవలెను." ఆ పక్క వచనం మనందరికీ కంఠతా వచ్చు: "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను." మూడూ పక్కపక్కనే ఉన్నాయి. గద్దించకపోతే ఏమవుతుందో ఆ వరుసలోనే కనిపిస్తుంది: అది హృదయంలోకి వెళ్లి పగ అవుతుంది. నిజమే కదా? ఎదుటివాడికి చెప్పని మాట ఎక్కడికీ పోదు. లోపలే ఉండి పులుస్తుంది. ఆదివారం అతనికి వందనం చెబుతాం, నవ్వుతాం, ఇంటికి వెళ్లాక భార్యతోనో భర్తతోనో అతని గురించి అరగంట మాట్లాడతాం.

ఇంకో మార్గం కూడా మనం కనిపెట్టాం. ప్రార్థన మనవి. "ఫలానా బ్రదర్ కోసం ప్రార్థన చేయండి, వాళ్ల ఇంట్లో పరిస్థితి ఏమీ బాగోలేదంట." అందరూ "అయ్యో" అంటారు, ఏమైందని అడుగుతారు, మనం చెబుతాం. పది నిమిషాలు చెప్పుకుని ఒక నిమిషం ప్రార్థిస్తాం. ఆ బ్రదర్ దగ్గరికి మాత్రం ఒక్కరూ వెళ్లరు. ఇప్పుడు ఫోన్లు వచ్చాక ఇంకా తేలికైంది. ఒకరిని మనసులో పెట్టుకుని ఒక వాక్యం స్టేటస్‌లో పెడతాం. అతను చూస్తాడని తెలుసు. ఎవరి కోసం పెట్టామో ఇంకో పదిమందికి కూడా తెలుసు. దేవుని వాక్యాన్ని రాయిగా చేసి విసిరి, చెయ్యి వెనక్కి దాచుకుంటున్నాం. ఇది పాపం అని నేను సూటిగానే చెబుతున్నాను. యేసు ప్రభువు "నీవు పోయి" అన్నాడు. కాళ్లతో వెళ్లమన్నాడు. వెళ్లి, ఎదురుగా కూర్చుని, అతని ముఖం చూస్తూ మాట్లాడమన్నాడు.

మరి ఎలా మాట్లాడాలి? గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో పౌలు "సాత్వికమైన మనస్సుతో అట్టివానిని మంచిదారికి తీసికొని రావలెను" అంటాడు. తెలుగులో "మంచిదారికి తీసికొని రావలెను" అని ఉన్నచోట గ్రీకులో "కతర్తిజో" అనే క్రియ ఉంది. యేసు ప్రభువు సముద్రతీరాన నడుస్తూ యాకోబునూ యోహానునూ చూసినప్పుడు వాళ్లు పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు కదా, ఆ బాగుచేసుకోవడానికి కూడా ఇదే క్రియ.

వల బాగుచేసేవాళ్లను మీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నిలబడి చేసే పని కాదది. నేల మీద కూర్చుని వలను ఒళ్లోకి తీసుకుంటారు. ముందు చేత్తో తడుముతూ ఎక్కడ తెగిందో వెతుకుతారు. చిరుగు దొరికాక వెంటనే ముడి వేయరు. చుట్టూ ఉన్న దారాలు ఏవి గట్టిగా ఉన్నాయో, ఏవి పీచుపీచుగా అయిపోయాయో చూస్తారు. పాడైన పోగుల్ని మాత్రం కోసేస్తారు. అంటే బాగుచేయాలన్నా కొంచెం కోయాల్సిందే. అయితే చెడిపోయినంత మేరకే కోస్తారు, గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోరు. తర్వాత ఒక్కో కన్నూ పక్క కన్నుతో సమానంగా ఉండేలా కొలుచుకుంటూ ముడి వేస్తూ పోతారు. ఒక చిన్న చిరుగుకే ఎంతో సమయం పడుతుంది. ఒక్క కన్ను తెగిందని వల మొత్తాన్ని ఎవరూ పారేయరు. ఎందుకంటే ఆ వలతో రేపు మళ్లీ సముద్రం మీదికి వెళ్లాలి.

తప్పు చేసిన సహోదరుణ్ని అలా ఒళ్లోకి తీసుకోమని పౌలు అంటున్నాడు. అదే వచనంలో ఇంకో మాట కూడా ఉంది: "తానును శోధింపబడుదునేమో అని తన విషయమై చూచుకొనుచు." నువ్వు దిద్దుతున్న వల లాంటిదే నువ్వూ. నీలోనూ దారాలు తెగుతాయి.

కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన నలుసు, దూలం కూడా ఇలాంటిదే. ఆ మాటను మనం ఎదుటివాడి నోరు మూయించడానికి వాడుకుంటాం: "ముందు నీ కంట్లో దూలం చూసుకో!" ఆ వచనం అక్కడితో అయిపోలేదు. దూలం తీసేసుకున్నాక "నీ సహోదరుని కంటిలో ఉన్న నలుసును తీసివేయుటకు నీకు తేటగా కనబడును" అని ముగుస్తుంది. నలుసు తీయొద్దని ప్రభువు చెప్పనే లేదు. తీయాలి, కానీ బాగా కనిపించే కళ్లతో తీయాలి. కంట్లో నలుసు పడ్డప్పుడు మీ అమ్మ ఎలా తీసిందో గుర్తు చేసుకోండి. వెలుతురు వైపు తిప్పింది. గడ్డం పట్టుకుంది. రెప్పను మెల్లగా పైకెత్తి, చీర కొంగు కొనను తడిపి అద్దింది. ఆమె ఊపిరి మీ ముఖానికి తగిలేంత దగ్గరగా ఉంది. మీరు కదలకుండా ఉన్నారు, ఎందుకంటే ఆ చెయ్యి మీద మీకు నమ్మకం ఉంది. పది అడుగుల దూరంలో నిలబడి ఎవరి కంట్లోనూ నలుసు తీయలేం. ఎన్నడూ నాతో కలిసి భోజనం చేయనివాడు, నాకు జ్వరం వస్తే కనీసం పలకరించనివాడు నా తప్పు చెప్పడానికి వస్తే నేను రెప్ప మూసుకుంటాను. మీరూ మూసుకుంటారు.

వెళ్లినప్పుడు మాట్లాడే మాటల గురించి కూడా చెబుతాను. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టామంటే ఆ మాట మనిషి మొత్తాన్ని కొట్టేస్తుంది. ఎదుటివాళ్లకు ఇక ఎదురు తిరగడం తప్ప దారి ఉండదు. "అందరూ అనుకుంటున్నారు" అనడం ఇంకా ప్రమాదం. ఆ అందరూ ఎవరా అని అతనికి రాత్రంతా టెన్షన్. మీరు ఏం చూశారో, ఏం విన్నారో అంతే చెప్పండి. "అన్నా, పోయిన వారం కూటం అయ్యాక మీరు ఆ చెల్లితో మాట్లాడింది నేను విన్నాను. మీరు వెళ్లిపోయాక తను చాలాసేపు ఏడుస్తూ కూర్చుంది. ఏం జరిగిందో మీ నోటితోనే వినాలని వచ్చాను." ఇందులో నిందేమీ లేదు. జరిగింది ఉంది, అడగడం ఉంది. మీకు తెలియనిది అతను చెప్పడానికి చోటు ఉంది. సగం సందర్భాల్లో మనం వెళ్లి కూర్చున్నాకే తెలుస్తుంది, మనం అనుకున్నది వేరు, జరిగింది వేరు అని. పెద్దవాళ్ల విషయంలో పౌలు తిమోతికి ఇంకా జాగ్రత్త చెప్పాడు: "వృద్ధుని గద్దింపక తండ్రిగా భావించి అతనిని హెచ్చరించుము." నాన్నతో మాట్లాడినట్టు మాట్లాడమన్నాడు.

ఇప్పుడు ప్రవక్తయైన నాతాను దగ్గరికి వెళ్దాం. రెండవ సమూయేలు 12వ అధ్యాయం. దావీదు బత్షెబ విషయంలో పాపం చేశాడు, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను వచ్చి ఒక కథ చెప్పాడు. ఐశ్వర్యవంతుడికి విస్తారమైన గొర్రెలూ పశువులూ ఉన్నాయి, బీదవాడికి ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని బిడ్డలతో కలిసి పెరిగింది, అతని చేతి ముద్ద తిన్నది, అతని కౌగిట పండుకుంది. ఐశ్వర్యవంతుడు దాన్ని పట్టుకెళ్లి అతిథికి వండించాడు. దావీదు ఒకప్పుడు గొర్రెల కాపరి. గొర్రెపిల్లను కాపాడడానికి సింహంతో పోరాడినవాడు. నాతాను ఆ పాత కాపరిని మేల్కొల్పాడు. రాజు లోపల ఆ కాపరి ఇంకా బతికే ఉన్నాడని నమ్మాడు. దావీదుకు కోపం వచ్చింది, తన తీర్పు తానే చెప్పుకున్నాడు. అప్పుడు నాతాను, "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు.

మనం సాధారణంగా ప్రసంగాన్ని ఇక్కడ ఆపేస్తాం. దయచేసి అదే అధ్యాయంలో 25వ వచనం వరకు చదవండి. ఆ పాపం వల్ల బత్షెబకు పుట్టిన పసిబిడ్డ బతికి ఉన్నంతకాలం దావీదు ఉపవాసముండి ఏడ్చాడు. బిడ్డ చనిపోయాక లేచాడు, బత్షెబను ఓదార్చాడు. సొలొమోను పుట్టాడు. అప్పుడు యెహోవా ఆ ఇంటికి ఒక ప్రవక్తను పంపించాడు. ఎవరిని? నాతానునే. ఆ బిడ్డకు యదీద్యా అని పేరు పెట్టడానికి. యదీద్యా అంటే యెహోవాకు ప్రియుడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్న నోటితోనే "నీ బిడ్డ దేవునికి ప్రియుడు" అన్న కబురు కూడా వచ్చింది. ఇంకొక ప్రవక్తను పంపి ఉండొచ్చు. దేవుడు పంపలేదు. దావీదు ముసలివాడై మంచం పట్టి, రాజ్యం ఎవరికి పోతుందో తెలియని గందరగోళంలో కూడా ఆ గదిలోకి వచ్చి మాట్లాడిన మనిషి నాతానే. ఇక దినవృత్తాంతాల మొదటి గ్రంథం 3వ అధ్యాయంలో దావీదు కుమారుల పట్టీ చూడండి. యెరూషలేములో బత్షెబకు పుట్టినవాళ్లలో ఒకడి పేరు నాతాను. ప్రవక్త పేరే పెట్టుకున్నాడని బైబిల్ చెప్పలేదు, కాబట్టి నేనూ చెప్పను. కానీ ఆ పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను చదవడం ఆపి కాసేపు అలాగే ఉండిపోతాను.

సరిదిద్దడానికి వెళ్లే ప్రతివారూ మొదటి మాట మాట్లాడకముందే దీని గురించి ఆలోచించుకోవాలి. చెప్పాక నేను ఇతని దగ్గర ఉండగలనా? ఏడిస్తే ఉంటానా, కోప్పడితే ఉంటానా, ఆరు నెలలు నాతో మాట్లాడకపోతే అప్పుడూ ఉంటానా? ఉండలేనంటే నువ్వు వెళ్లకు. ఉండగలిగే మనిషి ఎవరో చూసి వాళ్లను వెళ్లమను.

బహిరంగంగా గద్దించడం ఎప్పుడూ తప్పేనా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందే నిలదీశాడు. అక్కడ పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోజనం చేస్తూ ఉండి, యెరూషలేము సంఘ పెద్దయైన యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. అతన్ని చూసి బర్నబా కూడా జారిపోయాడు. తప్పు అందరిలో జరిగింది, అందర్నీ లాగేస్తోంది, సువార్తే దెబ్బతింటోంది. అందుకే అందరి ముందు మాట్లాడాడు. ఇలాంటివి అరుదు. ఆ తర్వాత పేతురు తన రెండో పత్రికలో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని రాశాడు. అంతియొకయలో జరిగిందాన్ని పెట్టుకుని పౌలును దూరం చేసుకోలేదు.

ఇంకొక మాట చాలా స్పష్టంగా చెప్పాలి, దీన్ని ఎవరూ తప్పుగా అర్థం చేసుకోకూడదు. మత్తయి 18ని అడ్డం పెట్టుకుని, దెబ్బలు తిన్న స్త్రీని "నువ్వు ఒంటరిగా వెళ్లి నీ భర్తతో మాట్లాడుకో" అని పంపేవాళ్లున్నారు. పిల్లల మీద చెయ్యి వేసినవాడి సంగతిని సంఘంలోనే సర్దుకుందాం అనేవాళ్లున్నారు. ఇది ప్రభువు మాటను వంచడమే. ఈ అధ్యాయంలోనే, ఈ చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచడం కంటే మెడకు తిరుగటిరాయి కట్టించుకుని సముద్రంలో మునగడం మేలు అని ఆయన చెప్పాడు. నేరం జరిగిన చోట ముందు గాయపడినవాళ్లను కాపాడాలి, పోలీసులకు చెప్పాలి, చట్టం తన పని చేయాలి. బాధపడినవాళ్లను ఆ మనిషి ఎదురుగా ఒంటరిగా కూర్చోబెట్టకండి. సంఘ పెద్ద తప్పు చేస్తే కూడా దాచకండి. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే విచారించమనీ, పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమనీ పౌలు తిమోతికి రాశాడు.

దిద్దించుకోవడం గురించి కూడా కాస్త చెబుతాను. 1738 డిసెంబరు 25న, ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ తన చిన్న గుంపుల కోసం కొన్ని నియమాలు రాశాడు. వారానికి ఒకసారి కలుసుకుని, ఒకరి తప్పులు ఒకరితో ఒప్పుకుని, స్వస్థత కోసం ప్రార్థించుకునే గుంపులవి. ఒకరిని గుంపులో చేర్చుకునే ముందు కొన్ని ప్రశ్నలు అడిగేవారు. వాటిలో ఒకటి, నీ తప్పులు నీకు ఎవరైనా చెప్పాలని నువ్వు కోరుకుంటున్నావా అని. నాకు ఈ ప్రశ్న చాలా ఇష్టం. చెప్పడానికి ముందే అనుమతి తీసుకున్నారు. మనం ఒకరికొకరం ఈ అనుమతి ఇచ్చుకుంటే ఎంత భారం తగ్గుతుందో! నేను మా పెద్దల్లో ఇద్దరికి ఇచ్చాను. నా గురించి ఏం కనిపించినా నా దగ్గరికి వచ్చి చెప్పండి, నేను తట్టుకోలేకపోతే మర్నాడు మళ్లీ రండి అన్నాను. ఒకరు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి నాకు నిద్ర పట్టలేదు.

అపొల్లో సంగతి మీకు తెలుసు. అలెక్సంద్రియవాడు, లేఖనాల్లో ప్రవీణుడు, గొప్ప వక్త. ఎఫెసు సమాజమందిరంలో అతను మాట్లాడుతుంటే ప్రిస్కిల్ల, అకుల విన్నారు. అతనికి యోహాను బాప్తిస్మం మాత్రమే తెలుసు. మధ్యలో లేచి నిలబడి తప్పు అనలేదు. అతన్ని చేర్చుకుని, దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించారు. వాళ్లు డేరాలు కుట్టుకునే దంపతులు, ఇతను పండితుడు. అయినా విన్నాడు. ఇక్కడ ఎవరిని ఎక్కువ మెచ్చుకోవాలో నాకు తెలియదు.

ఇక ఎంత చెప్పినా విననివాడి సంగతి. ఒంటరిగా చెప్పాం, ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లాం, సంఘానికి చెప్పాం. అప్పుడు "అతనిని నీకు అన్యునిగాను సుంకరిగాను ఎంచుకొనుము" అని ప్రభువు అన్నాడు. ఈ మాటను ఏ సువార్తలో చదువుతున్నాం? మత్తయి సువార్తలో. మత్తయి ఎవరు? సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నవాడు. యేసు ప్రభువు సుంకరులతో ఎలా ఉన్నాడో అతని ఇంటి భోజనాల బల్లే సాక్ష్యం. విననివాడిని సహవాసంలో ఉన్నవాడిగా లెక్కపెట్టకపోవచ్చు, ప్రభువు బల్లలో చెయ్యి వేయనివ్వకపోవచ్చు, అయినా అతని కోసం వెతకడం ఆగదు. "అతనిని శత్రువుగా భావింపక సహోదరునిగా భావించి బుద్ధిచెప్పుడి" అని థెస్సలొనీకయులకు పౌలు రాశాడు. కొరింథులో ఘోరమైన పాపం జరిగినప్పుడు, ఆ మనిషిని మీలోనుంచి వెలివేయమన్న పౌలే, తర్వాత రాసిన పత్రికలో శిక్ష పొందిన ఒకరి గురించి, ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే అధికమైన దుఃఖంలో మునిగిపోతాడేమో అంటాడు. ఇద్దరూ ఒకరేనని చాలామంది అనుకుంటారు. ఒకరే అయినా కాకపోయినా, శిక్షకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలని పౌలుకు తెలుసు. మనం మాత్రం బయటకు పంపడం నేర్చుకున్నాం, తిరిగి పిలవడం నేర్చుకోలేదు.

6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే దైవజనుడు మఠంలో కలిసి జీవించే సహోదరుల కోసం నియమావళి రాశాడు. తప్పు చేసిన సహోదరుణ్ని ముందు రెండుసార్లు ఒంటరిగా హెచ్చరించాలి. వినకపోతే అందరి ముందు. అప్పటికీ మారకపోతే వెలి. ఇంతవరకు మనకు తెలిసిందే. కానీ 27వ అధ్యాయంలో ఇంకొకటి ఉంది. వెలివేసిన సహోదరుడి దగ్గరికి వయసులో పెద్దవాళ్లనూ జ్ఞానం ఉన్నవాళ్లనూ చాటుగా పంపాలని, వాళ్లు అతన్ని ఓదార్చాలని, తగ్గించుకుని తిరిగి వచ్చేలా మాట్లాడాలని రాశాడు. కారణంగా కొరింథీయులకు పౌలు రాసిన ఆ మాటే చూపించాడు, దుఃఖంలో మునిగిపోకూడదని. వెలివేసిన పెద్దే, ఓదార్చడానికి మనుషుల్ని పంపాలి. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

చాలా ఏళ్ల కిందట మా సంఘంలో ఒక యువకుడు ఉండేవాడు. పాటలు బాగా పాడేవాడు, పిల్లలకు వాక్యం చెప్పేవాడు. అతని నడవడి గురించి నాకు ఒక సంగతి తెలిసింది. నిజమైన సంగతే. నేను అతని దగ్గరికి వెళ్లలేదు. వెళ్లి అడగడానికి నాకు భయం వేసింది. ఆ ఆదివారం ప్రసంగంలో పేరు ఎత్తకుండా ఆ పాపం గురించి మాట్లాడాను. "మన మధ్యలోనే ఉన్నారు, ముందు నిలబడి పాటలు పాడుతూనే ఉన్నారు" అన్నాను. అన్నప్పుడు నా కళ్లు అతని వైపు వెళ్లాయి. రెండో వరుసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. అతను ఒళ్లో ఉన్న పాటల పుస్తకం మూశాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. ఆరాధన అయ్యాక వెతికితే లేడు. పుస్తకం కుర్చీలో ఉంది. ఆ తర్వాత ఇక రాలేదు. సత్యం చెప్పాను, భరించలేక పోయాడు అని నేను పెద్దలతో అన్నాను. అలా అనుకునే చాలా ఏళ్లు బతికాను.

తర్వాత ఒక రోజు నేను అతని ఇంటికి వెళ్లాను. అతనికి పెళ్లైంది, ఇద్దరు పిల్లలు. నన్ను లోపలికి రమ్మన్నాడు, కుర్చీ వేశాడు. నేను క్షమించమని అడిగాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయ్యగారూ, ఆ రోజు మీరు చెప్పింది నిజమే" అన్నాడు. "అది నాకూ తెలుసు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. రేపు పొద్దున అయ్యగారు వస్తారు, అంతా చెప్పేసి ఏడ్చేద్దాం అనుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుమ్మం వైపే చూశాను. ఆ వారమంతా చూశాను."

నేను అతని చేతులు పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. అతను మా సంఘానికి తిరిగి రాలేదు, వేరే సంఘంలో ఉన్నాడు, మళ్లీ పాడుతున్నాడు. నెలకోసారి నేను అతని ఇంటికి వెళ్తాను. ఆ వారం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మీలో కొందరికి ఇది వింటుండగానే ఒక ముఖం గుర్తొచ్చి ఉంటుంది. మీ కోసం గుమ్మం వైపు చూస్తున్న ముఖం. కళ్లు మూసుకుని ఆ పేరును ప్రభువు దగ్గర చెప్పండి. ప్రార్థన చేద్దాం.